అరచేతిలో నీళ్ళు నిలిచేదాకా

మా వదిన పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను చపాతీ పిండి కలుపుతున్నాను. నందిగామ నుంచి ఆవిడ కొడుకు చేశాడు. "అత్తా, అమ్మ లేదు" అన్నాడు, అంతే. పొద్దున్నే డాబా మీద పని చూసుకుని దిగి వచ్చి కాఫీ అడిగిందట. కోడలు గ్లాసు పట్టుకొచ్చేసరికి వసారా గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉందట. కునుకు పట్టిందేమో అనుకుని ఆ పిల్ల గ్లాసు పక్కన పెట్టి, "చల్లారిపోతుందత్తయ్యా" అని పిలుస్తూనే ఉందట.

పిండి చేత్తోనే ఫోను పట్టుకున్నానని చాలాసేపటికి గాని చూసుకోలేదు. ఆ చెయ్యి ఈ రోజు పిండి కలపగలుగుతోందంటే అది మా వదిన చలవ. ఆ సంగతి నలుగురికీ చెప్పుకోవాలనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాదు. పదో తరగతి అయ్యాక పెళ్ళి చేశారు. తప్పులుంటే మన్నించండి.

ఆవిడ మా ఆయనకి స్వయానా అక్క. మాకు జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేలు కొట్టు ఉంది. ఆవిణ్ణి నందిగామ ఇచ్చారు. భర్త చిన్న వయసులోనే పోతే, ఆయన వదిలి వెళ్ళిన ఎరువుల కొట్టు తానే నడిపి కొడుకుని పెంచుకుంది. రైతులతో బేరాలాడీ ఆడీ గొంతు పెద్దదైపోయింది. నాది మొదటి నుంచీ మెల్లని గొంతు. నా పెళ్ళయిన కొత్తలో ఆవిడ తమ్ముడితో, "ఈ పిల్ల మాట వినాలంటే చెవి తీసుకెళ్ళి దాని నోట్లో పెట్టాలిరా" అంది. ఇల్లంతా నవ్వారు. నేనూ నవ్వాను, కొంగు అడ్డం పెట్టుకుని.

నాకు గుడి, పూజ లేకపోతే రోజు గడవదు. ఆవిడ గుడికి వెళ్ళడం చాలా అరుదు. రమ్మంటే, "నేను కూడా వస్తే ఆయనకి పని పెరుగుద్దే. నువ్వు వెళ్తన్నావుగా, మా వాటా కూడా నువ్వే అడిగి రా" అనేది. దేవుడంటే నమ్మకం లేక కాదు. ఆయనతో పనులు చేయించుకోవడం, ఆయనకి పనులు చెప్పడం ఆవిడకి అలవాటు లేదు. నన్ను మాత్రం పేరు పెట్టి పిలిచేది కాదు. "ఏమే భక్తురాలా" అనేది.

ఆ ఏడు కార్తీకమాసంలో వేదాద్రి వెళ్ళాను. కృష్ణలో స్నానం చేసి, నరసింహస్వామి దర్శనం చేసుకుని, షేర్ ఆటోలో తిరిగి వస్తున్నాను. నేను అంచున కూర్చున్నాను. మలుపులో ఆటో పక్కకి ఒరిగి బోర్లా పడింది. ఆటో అంచున ఉండే ఇనప కమ్మీ నా కుడి చేతి మీద పడింది. జనం వచ్చి లేపేసరికి చెయ్యి నా పక్కనే ఉంది గాని నా చెయ్యిలా లేదు. నుదుటి మీద స్వామి కుంకుమ ఇంకా తడిగానే ఉందట.

విజయవాడలో ఎముకల ఆసుపత్రిలో చేర్చారు. కుడి దండచేతి ఎముక విరిగింది. ముంజేతిలో రెండెముకలూ విరిగాయి. ఎడమ చేతి మణికట్టు కూడా విరిగింది. కుడి చేతికి ఆపరేషన్లు చేసి లోపల ప్లేట్లు, స్క్రూలు వేశారు. ఎడమ చేతికి సిమెంటు కట్టు వేశారు. రెండు చేతులూ లేని మనిషి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ముక్కు దురద పెడితే ఎవరినో ఒకరిని పిలవాలి. నేను పిలిస్తే ఎవరికీ వినపడదు.

వదిన స్టీలు క్యారేజీతో వచ్చింది. నా రెండు చేతులనూ చూసింది. ఏడవలేదు. నేనే ఏడ్చాను. "స్వామిని చూసి వస్తుంటేనే ఎందుకిలా చేశాడు వదినా?" అన్నాను.

"ఆయనెక్కడ చేశాడే? ఆటో నడిపినోడు సెల్లు చూసుకుంటా నడిపాడు. ప్రతిదీ తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెడితే, పాపం ఆయన మాత్రం ఎన్నని మోస్తాడు?" అంటూ క్యారేజీ విప్పి, చారన్నం కలిపి నా నోట్లో పెట్టింది.

పక్క మంచం ఆవిడ నవ్వింది. నాకు ఆ క్షణం వదిన మీద కోపం వచ్చిన మాట నిజం. కానీ ఆ మాట విన్నాకే స్వామి మీద నా అలక తీరింది. మళ్ళీ కళ్ళు మూసుకుని ఆయనకి దణ్ణం పెట్టుకోగలిగాను. చేతులు కలిపి కాదులెండి. మనసులోనే.

కుట్లు విప్పేటప్పుడు డాక్టరుగారు గట్టిగానే చెప్పారు. "ఎముకలు కలపడం మా పని. చెయ్యి కదిపి సాధించుకోవడం మీ పని. ఇప్పుడు బద్ధకిస్తే తర్వాత నేనేమీ చెయ్యలేనమ్మా" అన్నారు. తలూపి ఇంటికొచ్చాం.

ఇంటికొచ్చాక ఊళ్ళో అందరూ చూడటానికి వచ్చారు. బత్తాయిలు, కొబ్బరిబోండాలు తెచ్చారు. ప్రతివాళ్ళూ చెప్పింది ఒకటే మాట. "కదపబాకమ్మా, లోపల స్క్రూలు ఊడతయ్." మా ఆయన కొట్టు నుంచి వచ్చి నోట్లో ముద్దలు పెట్టేవారు. పక్కింటావిడ జడ వేసేది. పనమ్మాయి నీళ్ళు పోసేది. నేను కుడి చేతిని దిండు మీద పెట్టుకుని చంటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నాను. కొంచెం కదిపితే ప్రాణం పోయేలా ఉండేది. "నొప్పిగా ఉంటే రేపు చేద్దువులే" అనేవారు మా ఆయన. ఆ రేపు రాలేదు. ఎవరికీ నా మీద ప్రేమ తక్కువ కాదు. ఆ ప్రేమలోనే నా చెయ్యి బిగుసుకుపోయింది.

ఒక రోజు వదిన వచ్చింది. కాఫీ తాగి, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏదీ, చెయ్యి చాపు."

చాపాను. మోచెయ్యి సగం దాకా వచ్చి ఆగింది.

"అరచెయ్యి పైకి తిప్పు."

తిరగలేదు. బొటనవేలు పైకి పెట్టి గ్లాసు పట్టుకున్నట్టు అలాగే ఉండిపోయింది. అటు బోర్లా పడదు, ఇటు వెల్లకిలా తిరగదు. వదిన నా చేతి వైపు చూసి, తర్వాత తమ్ముడి వైపు చూసింది.

"దీన్ని నేను నందిగామ తీసుకెళ్తన్నా. మా వీధి చివర ఫిజియోథెరపీ పెట్టారు."

"అక్కా, నొప్పికి ఏడుస్తుందే. కాస్త తగ్గాక పంపిస్తా."

"ఏడవనీ. దీని ఏడుపు పక్క గదికే వినపడదు, ఇక ఊరికేం వినపడుద్ది? నీకు పెళ్ళాం లేకపోతే తోచదని చెప్పరాదూ."

మా ఆయనే నా బట్టలు సంచిలో సర్దారు. ఆ సాయంత్రమే బస్సెక్కాం. బస్సులో వదిన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను ఇటువైపు కూర్చుని, ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ మోచేత్తో నెట్టుకుంటూనే ఉంది. "చూసుకుని నడవండయ్యా, ఇక్కడ పగిలే సరుకుంది" అని.

ఇక్కడ ఆవిడ చేసిన పొరపాటు కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆవిడే ఒప్పుకోదు.

మా ఇళ్ళల్లో బాలింతలకీ, పసిపిల్లలకీ ఒళ్ళు రుద్దడంలో మా వదిన చెయ్యి పెట్టింది పేరు. నా పిల్లలిద్దరికీ ఆవిడే కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నలుగు పెట్టి నీళ్ళు పోసింది. బిగిసిన చెయ్యి కూడా అలాగే సాగుతుంది, ముందు తనే కొన్నాళ్ళు రుద్ది ఆ తర్వాత ఫిజియోథెరపీకి తీసుకెళ్దాం అనుకుంది. నువ్వుల నూనె కాచి, అందులో కర్పూరం వేసి, నా మోచెయ్యి పట్టుకుని పొద్దునా సాయంత్రం మర్దనా చేసి లాగేది. నేను పళ్ళు బిగబట్టుకునేదాన్ని. తెలిసిన చేతులు గదా అనుకున్నాను. వారం తిరక్కుండానే మోచెయ్యి వాచి ఎర్రగా కాలిపోసాగింది. వచ్చిన కాస్త కదలిక కూడా పోయింది.

ఫిజియోథెరపీ అమ్మాయి చూడగానే పసిగట్టింది. చిన్నపిల్ల. నిండా ముప్ఫై కూడా ఉండవు. "ఎవరు రుద్దారు ఆంటీ దీన్ని?" అంది. వదినే, "నేనేనమ్మా" అంది.

"అమ్మమ్మగారూ, విరిగిన మోచేతిని రుద్ది లాగితే కండలో ఎముక పుడుతుందండి. అప్పుడు తలుపుకి గడియ పడ్డట్టే. ఇక తెరుచుకోదు. చెయ్యి మీరు లాగకూడదు. ఆంటీ తనంతట తనే కదపాలి."

ఎక్స్‌రే తీయించమంది. ప్లేట్లు వేసిన డాక్టరుగారు ఆ ఫొటో చూసి, అదృష్టం, తొందరగా ఆపారు అన్నారు. వాపు తగ్గేదాకా కొన్నాళ్ళు ఊరుకోమన్నారు. విజయవాడ నుంచి బస్సులో తిరిగి వస్తుంటే, కంచికచర్ల దాటాక వదిన అంది.

"నా చేతులకి పసిపిల్లల ఒళ్ళు తెలుసు గానీ, లోపల ఇనప ముక్కలుంటే ఎట్టా తెలుస్తదే. నీ నొప్పి నువ్వైనా చెప్పొద్దా? దేవుడితో చెప్పుకోవడమేనా, మనుషులతో చెప్పవా?"

"మీరు బాధపడతారని చెప్పలేదు వదినా."

"ఇప్పుడు సంతోషపడతన్నా చూడు."

మర్నాడు నూనె గిన్నె కడిగి అటక మీద పెట్టేసింది. ఆ తర్వాత నేను ఎక్సర్‌సైజు చేస్తున్నంతసేపూ ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఏది చెయ్యాలి, ఏది చెయ్యకూడదు, అన్నీ అడిగి తెలుసుకుంది. అరవై దాటిన మనిషి, కొట్టులో గుమాస్తాలను గడగడలాడించిన మనిషి, ఆ చిన్నపిల్ల చెప్పిన మాట మీద నిలబడింది. ఆ అమ్మాయి చెప్పనిది ఒక్కటీ చేయించలేదు. చెప్పింది ఒక్కటీ వదలనివ్వలేదు.

వాపు తగ్గాక మోచెయ్యి మెల్లమెల్లగా దారికొచ్చింది. అరచెయ్యి మాత్రం తిరగనంది. మోచెయ్యి నడుముకి ఆనించి, గరిటె నిలువుగా పట్టుకుని, దాన్ని అటూ ఇటూ వంచాలి. నేను భుజం వంచి, ఒళ్ళంతా పక్కకి ఒరిగి తిప్పినట్టు చూపించేదాన్ని. "చెయ్యి తిప్పమంటే మనిషి తిరుగుద్దేంటే" అని వదిన నా నడుము దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టేది.

అప్పటికి ఎడమ చెయ్యి బాగానే పనిచేస్తోంది. కుడి చేత్తో గరిటె తిప్పగలను, తలుపు తీయగలను. ఇక చాలనిపించింది. ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది.

ఆ వారంలోనే రామాలయానికి తీసుకెళ్ళమని అడిగాను. వదిన వచ్చింది. నా చెప్పులకి కాపలా ఉంటానని తోడు వచ్చింది అంతే, లోపలికి రానంది. హారతి అయ్యాక పూజారిగారు తీర్థం ఇస్తూ వరసలో నా దగ్గరికి వచ్చారు. కుడి చెయ్యి చాపాను. అరచెయ్యి పైకి తిరగలేదు. భుజం వంచాను. ఇంకా వంచాను. వెనక వాళ్ళు ఆగిపోయారు. ఆయన ఉద్ధరిణితో పోసిన తీర్థం వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదుగా జారి నేల పాలయింది.

"పర్లేదమ్మా, ఎడమ చెయ్యి పట్టండి" అన్నారు ఆయన, ఎంతో దయగా.

నేను పట్టలేకపోయాను. చిన్నప్పుడు మా అమ్మ వేలు పట్టుకుని గుడికి వెళ్ళిన నాటి నుంచి ఎడమ చేత్తో తీర్థం పుచ్చుకుని ఎరగను. ఆయన తప్పులేదన్నా నా చెయ్యి లేవలేదు. వరస తప్పుకుని స్తంభం చాటుకి వెళ్ళాను. తల తిప్పితే గడప అవతల వదిన నిలబడి ఉంది. నా చెప్పులు ఆవిడ చేతిలో ఉన్నాయి. అంతా చూసింది.

ఇంటికొచ్చాక నేనే అన్నాను. "వదినా, ఇక నా వల్ల కాదండి. వంటకి సరిపడా చెయ్యి వచ్చింది. చాలు. నన్ను ఇంటికి పంపించండి."

"వంటకి చాలుద్ది" అంది ఆవిడ. "కూర కలపడానికీ, తమ్ముడికి కంచం పెట్టడానికీ బాగానే చాలుద్ది. కానీ అమ్మాయ్, దేవుడి ముందు చెయ్యి చాపకుండా నువ్వు బతగ్గలవా? నేను బతగ్గలను. నువ్వు బతకలేవు. నాకు తెలుసు."

ఆవిడ నన్ను భక్తురాలా అనకుండా అమ్మాయ్ అని పిలవడం అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కూడా ముక్కు ఎగబీల్చి, పొయ్యి మీద పాలు చూడాలని లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద పాలు లేవు.

మర్నాడు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి వసారాలో పీట వేసి ఉంది. దాని ఎదురుగా రాగి చెంబు, ఉద్ధరిణి, చెంబులో రెండు తులసి రేకులు. వదిన కొంగు బిగించి కూర్చుని ఉంది.

"కూర్చో. మోచెయ్యి నడుముకి ఆనించు. ఇప్పుడు చెయ్యి పట్టు."

"వదినా, ఇదేమిటి?"

"తీర్థం కాదులే, కళ్ళు మూసుకోబాక. మా మునిసిపాలిటీ నీళ్ళే. నీ అంతట నువ్వు తిప్పినంత తిప్పు. నేను ముట్టుకోను. ఒరిగావంటే మాత్రం పొయ్యను."

తిప్పాను. ఆవిడ ఉద్ధరిణితో పోసింది. నీళ్ళు బొటనవేలి మీద పడి కిందకి కారిపోయాయి. నా చీర తడిసింది. "ఈ పూటకి ఇంతే ప్రాప్తం" అంది. సాయంత్రం మళ్ళీ పీట వేసింది.

అలా రోజూ జరిగింది. గుడి గంట వినపడే వేళకి ఆవిడ చెంబు పట్టుకుని కూర్చునేది. పండక్కి కూడా వదల్లేదు. వాళ్ళ కోడలు నవ్వేది. "మా అత్తయ్య పూజారి అయిపోయిందండీ, దక్షిణ వెయ్యండి" అనేది. "వేస్తది, చెయ్యి తిరగ్గానే వేస్తది" అనేది వదిన. ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే ముచ్చట పడింది. గరిటె తిప్పమంటే మొహం చిట్లించే నేను నీళ్ళు పోస్తామంటే ఒళ్ళు మరిచి తిప్పుతున్నానని గమనించింది. "ఇది మానకండి అమ్మమ్మగారూ" అంది.

నీళ్ళు మొదట బొటనవేలి దగ్గరే జారేవి. తర్వాత చూపుడు వేలి మొదలు దాకా వచ్చి జారేవి. ఆ తర్వాత అరచేతి గీతలన్నీ తడిపి జారేవి. ఎప్పుడు ఎంత తిరిగిందో నాకు తెలిసేది కాదు. ఆవిడ మొహం చూస్తే తెలిసేది. పెదవి మీద చిన్న మెరుపు వచ్చేది గాని మెచ్చుకునేది కాదు. "పొగిడితే ఎముక ఆగిపోద్ది" అనేది. ఇంకోటి అనేది, దాన్ని నేను ఇప్పటికీ నొప్పి వచ్చినప్పుడల్లా తలుచుకుంటాను. "నొప్పి చుట్టం లాంటిదే. వచ్చిందని తలుపేసుకుంటే వీధిలోనే తిష్ట వేసుద్ది. కూర్చోబెట్టి మాట్లాడితే దాని దారిన అది పోద్ది."

ఒక పొద్దున ఆవిడ పోసిన నీళ్ళు నా అరచేతి గుంటలో నిలిచాయి. చెమ్చాడు నీళ్ళు. అందులో తులసాకు తిరుగుతోంది. ఇద్దరం కదలకుండా దానివంకే చూశాం. ఈసారి నీళ్ళు జారిపోలేదు.

"తాగు మరి, చూస్తావేంటి" అంది వదిన.

"మునిసిపాలిటీ నీళ్ళన్నారుగా."

"కాచి పోశాలే."

ఆ శనివారమే గుడికి వెళ్ళాం. ఈసారి ఆవిడ గడప అవతల ఆగలేదు. నా వెనకే వచ్చి వరసలో నిలబడింది. పూజారిగారు నా చేతి వంక చూసి, ఉద్ధరిణి ఎత్తి ఒక్క క్షణం ఆగి పోశారు. నిలిచింది. కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాను. ఆయన శఠగోపం పెట్టేటప్పుడు మామూలు కంటే కాస్త ఎక్కువసేపు ఉంచారు. నా వెనక వదిన చెయ్యి చాపింది. తాగి, తడి చెయ్యి తలకి తుడుచుకుని, నా చెవి దగ్గర, "పచ్చకర్పూరం ఎక్కువేశాడు. నా నీళ్ళే నయం" అంది.

చెయ్యి నూటికి నూరు పాళ్ళు రాలేదు. మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచుకోదు. చలికాలం పొద్దున్నే ప్లేట్లు ఉన్నచోట సలుపుతుంది. బరువు బిందె ఎత్తలేను. కానీ జగ్గయ్యపేట తిరిగి వచ్చాక నా దీపం నేనే పెట్టుకున్నాను, నా జడ నేనే వేసుకున్నాను. ఆవిడ ఫోను చేస్తే తమ్ముడి సంగతి అడక్క ముందే, "చెయ్యి ఏం చేస్తంది?" అనేది, చెయ్యి వేరే మనిషన్నట్టు. "బాగుంది వదినా" అంటే, "ఏం చేస్తందో చెప్పమన్నా. బాగుందో లేదో నేనడగలా" అనేది. నేను ఆ పూట చేసిన పనులన్నీ చెప్పేదాన్ని. అరిసెల పిండి కలిపాను, పిల్లవాడి చొక్కాకి గుండీ కుట్టాను, పూలు మాల కట్టాను. ఆవిడ ఊ కొట్టేది. మనుషులతో నొప్పి చెప్పుకోవడం, సంతోషం చెప్పుకోవడం కూడా ఆ ఫోన్లలోనే నేర్చుకున్నాను. ఇప్పుడు గొంతు కొంచెం పెరిగిందని మా ఆయన అంటారు.

పోయిన ఏడాది నుంచీ ఆవిడకి ఆయాసం వస్తుండేది. నేను జగ్గయ్యపేట తీసుకెళ్తానన్నాను. "నన్ను నువ్వు చూసుకుంటావా? నీ మాట వినపడక నా ప్రాణం పోద్ది" అని నవ్వింది. రాలేదు.

ఆ రోజు నందిగామ చేరేసరికి ఆవిణ్ణి వసారాలో పడుకోబెట్టి ఉంచారు. అందరూ ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను, ఈసారి వీధికి వినపడేలాగే. తీసుకెళ్ళాక ఇల్లంతా కడిగారు. ఆడవాళ్ళం ఒక్కొక్కరం తలస్నానం చేసి వచ్చి కూర్చున్నాం. ఎండ మండిపోతున్నదల్లా మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి చల్లబడింది. పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. కోడలు ఉలిక్కిపడి, "అయ్యో పిన్నిగారూ, అత్తయ్య పొద్దున డాబా మీద మిరపకాయలు ఎండపోసిందండి" అంది. లేవబోయి, లేవలేక మళ్ళీ కూలబడింది.

నేను గోనెసంచి తీసుకుని మెట్లెక్కాను. డాబా అంతా ఎర్రగా పరుచుకుని ఉంది. కాయ మీద కాయ పడకుండా ఆవిడ చేత్తో సర్దుకుంటూ వెళ్ళిన చోట వేళ్ళ చాళ్ళు అలాగే ఉన్నాయి, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా. గాలి లేచింది. సంచి మూతి మోకాలి కింద తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పి కాయల కిందకి పోనిచ్చి పైకెత్తాను. దోసిలి నిండింది. ఎండిన గింజలు లోపల గలగలమన్నాయి. వాటి మీద మొదటి చినుకు పడింది. సంచిలో పోసి, మళ్ళీ చేతులు చాచి, ఆవిడ వేళ్ళు నడిచిన ఆ చాళ్ళ వెంబడే ఎత్తుకుంటూ వెళ్ళాను.